ఉప్పు నీళ్ల కొత్తిమీరకు వాసన ఎక్కువ అన్న మాట గురించి

మా ఊరు వర్ధన్నపేట వైపు. చెరువు కట్ట కింద మాకు ఒక పాత బావి, మిట్ట మీది చెల్కలో ఒక బోరు ఉన్నాయి. బావి నీళ్లు తియ్యగా ఉంటాయి. బోరు నీళ్లు పుక్కిలిస్తే ఉప్పగా, చివరన కాస్త చేదుగా తగులుతాయి. అవి పారిన కాలువ గట్లు శివరాత్రి దాటేసరికి తెల్లగా పొక్కి, చెప్పుతో రాస్తే పొడిపొడిగా లేస్తాయి. యాసంగిలో రెండు చోట్లా చెరి రెండు గుంటల జాగాలో కొత్తిమీర చల్లడం మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. మా పెద్దబాపు మాత్రం తన ఇంటికి బోరు కింది మడిలోదే కోసుకుపోతాడు. “ఉప్పు నీళ్లది రెండు రెబ్బలేస్తే చాలు బిడ్డా, గిన్నె మూత తీయంగనే గుమ్మంటది. తియ్యనీళ్లది వట్టి గడ్డి” అని ఆయన మాట.

మూడేండ్ల కింద సుగంధ పంటల మీద జరిగిన ఒక శిక్షణ తరగతిలో ఒక వక్త ఇదే మాటను శాస్త్రం భాషలో చెప్పారు. మొక్కను కాస్త కష్టపెడితే అందులో వాసననిచ్చే నూనె శాతం పెరుగుతుందని, కాబట్టి ఉప్పు బోర్లున్న రైతులు దిగులు పడనక్కర్లేదని, దాన్ని వరమే అనుకోవచ్చని ఆయన అన్నారు. పక్కన కూర్చున్న రైతులు తలలూపారు. హనుమకొండలో పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పుకునే నేనూ ఊపాను, పైగా ఆ ఏడే బోరు కింద అరెకరంలోనూ, బావి కింద మరో మడిలోనూ నిమ్మగడ్డి పెట్టించాను.

తొందరపడ్డానని ఇప్పుడు నాకు అనిపిస్తోంది. ఉప్పు వల్ల ఆకులోని సుగంధ ద్రవ్యాలు మారతాయన్నది అబద్ధమేమీ కాదు. కానీ మనం ఉప్పు ఖాతాలో వేస్తున్న వాసనలో పెద్ద వాటా నిజానికి మొక్క వయసుది. ఆ రెంటినీ విడదీయకుండా చేసిన పోలిక, పెద్దబాపు ముక్కుతో చేసినదైనా ప్రయోగశాలలో గాజు పరికరంతో చేసినదైనా, మనం అడిగిన ప్రశ్నకు జవాబివ్వదు.

మొదట నూనె ఎక్కడుంటుందో చూడాలి. తులసి ఆకును తిరగేసి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పొద్దుటెండకు వంచి పట్టుకుంటే నూగు మధ్యలో నూనె బొట్లలా మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవే నూనె గ్రంథులు. గోటితో ఒక్కసారి గీస్తే ఆ గీత వెంబడి మెరుపు పోతుంది, వాసన లేస్తుంది. పుదీనలోనూ ఇంతే. నిమ్మగడ్డిలో అలాంటి చుక్కలు పైకి కనిపించవు. నూనె ఆకు లోపలి కణాల్లో ఉంటుంది, అందుకే దాన్ని నలిపితేనే తప్ప వాసన రాదు. కొత్తిమీర, సోంపు, ఓమ కుటుంబంలో నూనె సన్నని నాళాల్లో ఉంటుంది. వీటిలో ఎక్కడ చూసినా నూనె తయారయ్యేది ఆకు లేదా గింజ ఎదిగే కొద్ది రోజుల్లోనే. పెప్పర్‌మింట్ ఆకుల మీద వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం బృందం 2000లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, మెంథాల్ జాతి పదార్థాల తయారీ ఆకుకు సుమారు 12 రోజుల వయసు నుంచి 20 రోజుల వయసు వరకే జోరుగా సాగుతుంది. ఆ తర్వాత ఆకు బతికినన్నాళ్లు, తయారైన దాన్ని కాపాడుకోవడమో, ఒక పదార్థాన్ని మరొక పదార్థంగా మార్చుకోవడమో మాత్రమే జరుగుతుంది. లేత ఆకులో మెంథోన్ ఎక్కువగా ఉంటుంది, ఆకు ముదిరే కొద్దీ అది మెంథాల్‌గా మారుతుంది.

ఇప్పుడు ఉప్పు సంగతి. ఉప్పు మొక్కను రెండు రకాలుగా దెబ్బతీస్తుంది. నేలలోని నీటిలో లవణం పెరిగితే వేరు ఆ నీటిని లాక్కోవడం కష్టమవుతుంది. తడి ఉండి కూడా మొక్క బెట్టకు గురైనట్టు ప్రవర్తిస్తుంది, ఆకు రంధ్రాలు మూసుకుంటుంది, కొత్త ఆకుల ఎదుగుదల తగ్గుతుంది. ఇది తొలి రోజుల్లోనే మొదలవుతుంది. కొన్ని వారాలకు సోడియం, క్లోరైడ్ ముందుగా పాత ఆకుల్లో పేరుకుని, వాటి కొనలను అంచులను మాడ్చి, వాటిని కాలానికి ముందే ముసలివి చేస్తాయి. మొదటి దశలో ఎదుగుదల ఆగినంత తొందరగా ఆకు ఆహారం తయారుచేసుకోవడం ఆగదు కాబట్టి, మిగిలిన కర్బనం టెర్పీన్లనే వాసన ద్రవ్యాల వంటి రక్షణ పదార్థాల వైపు మళ్లుతుందని శాస్త్రజ్ఞులు ఇచ్చే వివరణ. పైగా గ్రంథుల్లో చాలా భాగం ఆకు లేతగా ఉన్నప్పుడే మొదలవుతాయి. ఉప్పు వల్ల ఆకు పూర్తిగా విచ్చుకోకపోతే అవే గ్రంథులు చిన్న జాగాలో కిక్కిరిసి ఉంటాయి. ఉప్పు ఇంకా పెరిగితే ఆహారం తయారీయే దెబ్బతిని నూనె కూడా పడిపోతుంది. అంటే నూనె శాతం గీత కొంతదూరం ఎక్కి, ఆపైన దిగుతుంది.

ట్యునీసియాలో కొత్తిమీర మీద జరిగిన ప్రయోగంలో ఇదే కనిపించింది. 25, 50, 75 మిల్లీమోల్ ఉప్పునిచ్చి చూస్తే, 50 దగ్గర ఆకుల్లో నూనె శాతం పెరిగింది, 75 దగ్గర తగ్గింది. శిక్షణ తరగతిలో వక్త చెప్పినది ఆ గీత ఎక్కే భాగం మాత్రమే. 50 మిల్లీమోల్ అంటే లీటరు నీటికి దాదాపు 3 గ్రాముల ఉప్పు, 75 అంటే సుమారు 4.4 గ్రాములు. మేలుకూ కీడుకూ మధ్య తేడా లీటరుకు చెంచాలో నాలుగో వంతు. కుండీల్లో లెక్కగట్టి పోసే వారికి ఆ తేడాను నిలబెట్టడం సాధ్యం. పొలంలో, తడికీ తడికీ మధ్య నేల ఆరుతున్న కొద్దీ వేరు చుట్టూ ఉన్న నీరు రోజురోజుకూ చిక్కనవుతుంటే, ఆ గీత మీద మన మొక్క ఏ పూట ఎక్కడ ఉందో ఎవరు చెప్పగలరు? పైగా మన బోర్లలో ఉండేది కూరల్లో వేసే ఉప్పు ఒక్కటే కాదు, సోడియం బైకార్బొనేట్, కాల్షియం, మెగ్నీషియం లవణాలు అన్నీ కలిసి ఉంటాయి. సాదా ఉప్పుతో వచ్చిన ఫలితాన్ని ఆ నీళ్లకు తగిలించేటప్పుడు జాగ్రత్త అవసరం.

నిమ్మగడ్డి మొదటి కోత నాడు నాకు అర్థమైన విషయం వేరు. కోసిన గడ్డి నుంచి వంద గ్రాములు కాలేజీకి తెచ్చుకుని క్లెవెంజర్ పరికరంలో మరిగించాను. 1928 నుంచి వాడుకలో ఉన్న ఈ గాజు పరికరంలో ఆవిరి చల్లబడి, నీటి మీద తేలే లేత పసుపు నూనె గీతలున్న సన్నని గొట్టంలో నిలుస్తుంది. బోరు కింది గడ్డిలో బావి కింది గడ్డి కంటే ఎక్కువ నిలిచింది. సంతోషంతో పెద్దబాపుకు ఫోన్ చేశాను కూడా. తర్వాత లెక్క వేసుకుంటే సంతోషం తగ్గింది. వంద గ్రాముల నిమ్మగడ్డిలో నూనె వచ్చేదే సుమారు 0.4 మిల్లీలీటర్లు. ఒక బొట్టు అంటే దాదాపు 0.05 మిల్లీలీటర్లు. గొట్టం గోడకు ఒక్క బొట్టు అంటుకుపోయినా ఫలితంలో ఎనిమిదో వంతు పోయినట్టే. నేను చూసి మురిసిపోయిన తేడా రెండు బొట్లది.

గడ్డిని మరిగించి నూనె తీసే బట్టీ దగ్గరి లెక్క ఇంకా ముక్కుసూటిగా ఉంటుంది. ఊహకు ఒక లెక్క చెబుతాను: తియ్యనీళ్ల మడిలో పది టన్నుల గడ్డి, 0.40 శాతం నూనె అనుకుంటే 40 కిలోలు వస్తుంది. ఉప్పు నీళ్ల మడిలో గడ్డి ఏడు టన్నులకు పడిపోయి, నూనె 0.50 శాతానికి పెరిగిందనుకుంటే 35 కిలోలు వస్తుంది. కాగితం మీద శాతం నూటికి పాతిక వంతులు పెరిగింది, డబ్బాలో నూనె ఐదు కిలోలు తగ్గింది. మా అరెకరంలోనూ జరిగింది ఇదే. బోరు కింది గడ్డి నూనె డబ్బాను తూకం మీద పెట్టినప్పుడు ముల్లు బావి మడి ముల్లు దాకా రాలేదు. పరిశోధన వ్యాసాల్లో “నూనె శాతం పెరిగింది” అన్న వాక్యం చదివినప్పుడల్లా, ఎన్ని ఆకుల మీద, పచ్చి బరువు మీదనా ఎండు బరువు మీదనా అని అడగకుండా ముందుకు పోకూడదన్నది అప్పటి నుంచి నాకు అలవాటైంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. శాతానికి విలువే లేదని నేను అనను. పైన చెప్పిన లెక్కలోనే, నూనె ఎనిమిదో వంతు తగ్గింది కానీ కోయాల్సిన, మోయాల్సిన, మరిగించాల్సిన గడ్డి పదింట మూడు వంతులు తగ్గింది. బట్టీ కిరాయి, కట్టెలు, కూలి ఖర్చు ఎక్కువగా ఉన్న చోట ఆ రైతుకు చేతిలో మిగిలేది తక్కువేమీ కాకపోవచ్చు. నా స్నేహితుడు ఒకడు ఈ మాట పట్టుకుని నాతో గంటసేపు వాదించాడు, ఆ ఒక్క ఏటికి అతని లెక్క తప్పని నేను రుజువు చేయలేకపోయాను.

నా జవాబు ఏటికేడు పేరుకునే ఉప్పులో ఉంది. నీటి లవణ సూచిక, అంటే కరెంటును ఎంత పారనిస్తుందో చూసి ఉప్పును అంచనా కట్టే కొలత, మీటరుకు 2 డెసీసైమన్లు అనుకుందాం. అది మన దగ్గర అసాధారణం కాదు. అలాంటి నీటిలో లీటరుకు సుమారు 1.28 గ్రాముల లవణాలుంటాయి. ఎకరం మీద ఐదు సెంటీమీటర్ల లోతున ఒక్క తడి ఇస్తే పారేవి రెండు లక్షల లీటర్ల నీళ్లు. అంటే ఒక్క తడితో రెండున్నర క్వింటాళ్ల లవణం మన చేతులతో మనమే పొలంలో చల్లినట్టు. నిమ్మగడ్డి ఒకసారి నాటితే నాలుగైదేండ్లు ఉండే పంట. వానాకాలంలో మంచి వాన పడితే ఎర్ర చెల్కలో ఆ ఉప్పు చాలావరకు కిందికి దిగిపోతుంది, కానీ నీరు ఇంకని నల్లరేగడిలో అక్కడే కూర్చుంటుంది. లవణ సూచిక 4 దాటిన నేలను మన వ్యవసాయ పుస్తకాలు పాలచౌడు అంటాయి. సోడియం పట్టుకుని ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటితే కారుచౌడు, దాన్ని తిరిగి దారిలో పెట్టడానికి జిప్సం వేసి నీళ్లు కట్టి కడగాలి. కట్టెల ఖర్చు మిగిల్చుకుని నేలను ఇటు తోసుకోవడం ఏ లెక్కన లాభమో నాకు తెలియదు.

ఇంతకూ నేను మొదట అన్న వయసు సంగతి ధనియాల్లో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. పూత రాలి, గింజ ఇంకా పచ్చగా నున్నగా ఉన్నప్పుడు ఒక గుత్తి తెంపి అరచేతిలో నలపండి. వచ్చేది ధనియాల వాసన కాదు, వరి కంకుల మీద వాలే కంపునల్లిని పొరపాటున వేలితో నొక్కినప్పుడు వచ్చే వాసనకు దగ్గరి చుట్టం. ఇది కల్పన కాదు: పచ్చి కొత్తిమీర వాసనలోని డెసినాల్ వంటి ఆల్డిహైడ్ల జాతి పదార్థాలే ఈ కంపు పురుగుల గ్రంథుల్లోనూ ఉంటాయి. గ్రీకువారు కొత్తిమీరకు పెట్టిన పేరు నల్లి అన్న మాట నుంచే పుట్టిందని చెబుతారు. ఎక్కడి గ్రీకు, ఎక్కడి మన వరి మడి, ముక్కు మాత్రం ఒకటే.

అదే గింజ దోరగా మారి, పసుపు తిరిగి, చివరకు గోధుమ రంగుకు వచ్చేసరికి ఆ కంపు ఎటు పోయిందో తెలియదు. గింజ పచ్చిగా ఉన్నప్పుడు పైతొక్కలో ఉండే ఆల్డిహైడ్ల నాళాలు గింజ ఎండే కొద్దీ చితికి ఖాళీ అవుతాయి. గింజ రెండు పలుకుల మధ్య లోపలివైపున ఉన్న నాళాల్లోని నూనె మాత్రం భద్రంగా నిలుస్తుంది, అందులో ముఖ్యమైనది ధనియాల వాసననిచ్చే లినలూల్. ట్యునీసియాలోనే మూడు పక్వ దశల్లో గింజలను కోసి చూసిన మరొక పరిశోధన 2007లో వచ్చింది. పిందె దశలో నూనెలో జెరానైల్ అసిటేట్ అనే మరో సుగంధ ద్రవ్యం 46 శాతం, లినలూల్ 11 శాతం ఉంటే, గింజ పూర్తిగా పండేసరికి లినలూల్ 87 శాతానికి చేరింది. అదే మొక్క, అదే నేల, అదే నీరు, మారినవి రోజులు మాత్రమే. ఒక పదార్థం వాటా దాదాపు ఎనిమిది రెట్లయింది. లవణం వల్ల నూనె కూర్పు ఇంత తలకిందులైన ఉదాహరణ నా కంట పడలేదు.

మన దేశపు పెద్ద గింజ ధనియాల్లో నూనె 0.1 నుంచి 0.4 శాతం మధ్య ఉంటే, తూర్పు యూరప్‌లో పండే చిన్న గింజ రకాల్లో 0.8 నుంచి 1.8 శాతం దాకా ఉంటుంది. నూనె శాతమే కావాలనుకునే వారు నీళ్లలో ఉప్పు వెతికే ముందు సంచిలో విత్తనం చూసుకోవాలని ఇందుకే అంటున్నాను.

నిమ్మగడ్డి జాతికే చెందిన మరో సుగంధ గడ్డి, రోషా గడ్డిలోనూ ఇలాంటి కథే నడుస్తుంది. దాని నూనె ఎక్కువగా పూకంకుల్లో ఉంటుంది. కంకి విచ్చుకోకముందు జెరానైల్ అసిటేట్ ఎక్కువగా, విచ్చుకుని ముదిరే కొద్దీ గులాబీ వాసననిచ్చే జెరానియాల్ ఎక్కువగా ఉంటుంది; కొనేవారు డబ్బిచ్చేది జెరానియాల్‌కే కాబట్టి, ముందే కోసినవారికి ధర పోతుంది, గింజ రాలేదాకా ఆగినవారికి నూనె పోతుంది. నిమ్మగడ్డిలో ఇది అటుదిటు: లేత ఆకులోనే నూనె ఎక్కువ, ముదిరి కొన ఎండిన ఆకులో తక్కువ. అందుకే ఒక మొక్క మీద నేర్చుకున్న పాఠాన్ని ఇంకో మొక్కకు అంటగట్టలేము.

ఇక పెద్దబాపు కొత్తిమీర దగ్గరికి వద్దాం. కిందటి యాసంగిలో రెండు మడుల్లో ఒకే రోజు ఒకే విత్తనం చల్లాను. నలభై రోజులకు చూస్తే బావి కింది మడి మోకాలి కింది దాకా ఒత్తుగా, వెడల్పాటి ఆకులతో, ఇంకా లేతగా ఉంది. బోరు కింది మడి జానెడు మించలేదు, కానీ అప్పుడే మధ్య కాడ లేచి, సోంపు ఆకులా సన్నగా చీలిన పై ఆకులు వేసి, అక్కడక్కడ మొగ్గ కూడా పట్టింది. అంటే ఏండ్ల తరబడి ఒకే రోజు పొద్దున కోసి ఆయన పోల్చుతున్నది ఉప్పు నీళ్లనూ తియ్యనీళ్లనూ కాదు, ముదురు మొక్కనూ లేత మొక్కనూ! ఉప్పు కొన్ని మొక్కల్లో పూతను ముందుకు తెస్తుంది, కొన్నిట్లో వెనక్కు నెడుతుంది, దాదాపు అన్నిట్లోనూ కొత్త ఆకు రావడాన్ని తగ్గించి పాత ఆకును ముందే ముసలిది చేస్తుంది. కాబట్టి క్యాలెండరు చూసి ఒకే రోజు కోసిన రెండు మొక్కలు ఒకే వయసువి కావు. నేను నిమ్మగడ్డి కోసినప్పుడు చేసిన పొరపాటూ ఇదే. రెండు మడులకూ ఒకే రోజు కొడవలి పెట్టించాను, ఏ కుదురులో లేత ఆకులెన్ని, ముదురు ఆకులెన్ని అని చూడలేదు.

కొత్తిమీర మడిలో మాత్రం ఈసారి ఆ పొరపాటు చేయలేదు. బావి కింది మడిలో ఒక బారెడు జాగా కోయకుండా వదిలి, అక్కడ కూడా కాడ లేచి మొగ్గ కనిపించేదాకా ఆగాను. దానికి ఇంకా పన్నెండు రోజులు పట్టింది. అప్పటికి బోరు మడిలో ఆలస్యంగా మొలిచిన కొన్ని మొక్కలు సరిగ్గా అదే దశలో ఉన్నాయి. రెంటి నుంచి పిడికెడు పిడికెడు కోసి, రెండు స్టీలు గిన్నెల్లో మూత పెట్టి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లో ఆరుగురికి చూపించాను. నలుగురు తేడా తెలియదన్నారు. మా అవ్వ బావి దానికి ఓటేసింది. పెద్దబాపు చాలాసేపు మార్చి మార్చి వాసన చూసి బోరుదే చూపించాడు. ఆయన ముక్కును నేను తక్కువ చేయను; ఉప్పు మిగిల్చిన తేడా ఏదో అందులో ఉండే ఉంటుంది. ఆరుగురి ముక్కులతో శాస్త్రం తేలదు కూడా. కానీ అంతకుముందు గుమ్మం దగ్గరే తెలిసిపోయే తేడా, వయసు సమానం చేసేసరికి మూతి గిన్నెలో పెట్టి వెతుక్కునేంత సన్నబడింది.

ఈ యాసంగికి కొన్ని మార్పులు చేశాను. బోరు కింది నిమ్మగడ్డిలో సగం తీసేసి, చౌడును తట్టుకుంటుందని పేరున్న రోషా గడ్డి పెట్టించాను. మిగిలిన సగంలో ఇరవై కుదుళ్లకు, బావి కింద మరో ఇరవై కుదుళ్లకు, కొత్తగా విచ్చుకున్న ఆకు మొదట్లో ఎర్ర దారం కట్టాను; దారం కట్టిన రోజు నుంచి లెక్కపెట్టి, ఒకే వయసు ఆకులను మాత్రమే కోసి మరిగిస్తాను. కూలికి వచ్చిన అమ్మలు ఆ దారాలు చూసి ఏ మొక్కు కట్టుకున్నావని అడుగుతున్నారు. బోరుకు బావి నీళ్లు కలిపి పారించడానికి గట్టు వెంట పైపు వేయాలని పెద్దబాపును అడిగాను. పైపు ఖర్చు సగం పెట్టుకుంటానన్నాడు, తన కొత్తిమీర మడి జోలికి మాత్రం ఆ నీళ్లు రానీయొద్దన్నాడు.